వెనక బెంచీ దాకా రాని రొట్టె

పెద్దయ్యగారు ప్రభువునందు నిద్రించారని మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. షాపులో జాకెట్టు గుడ్డ కొలుస్తూ చదివాను. మా సంఘంలో ఎవరు పోయినా ఈ మాటే రాస్తాం. కానీ ఈయన నిద్రించారంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు. ప్రసంగం మధ్యలో ఎవరి తల వాలినా పేరు పెట్టి పిలిచి లేపిన మనిషి ఆయన. నిద్రపోయే ముందు పైనుంచి అనుమతి తీసుకునే ఉంటారులే అనుకుని, చేతిలో గుడ్డ మడిచి, షట్టరు దించాను.

మా మందిరం చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఒక సందులో, స్టీలు సామాన్ల కొట్టు మీద మేడ. కింద గిన్నెలు మోగించి బేరాలాడుతుంటారు, పైన మేం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటాం. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని కలిసి పెట్టుకున్న తెలుగు సంఘం. జీతం తీసుకునే పాస్టరు లేడు, సంఘ పెద్ద చెప్పిందే చెల్లుబాటు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పెద్ద ఈయనే.

ఊరికి ఉత్తరాన మనలి అనే పేటలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో పెర్మిట్లు ఇచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్కడ వెల్డింగు చెయ్యాలన్నా, పైపు విప్పాలన్నా ముందు ఆయన సంతకం పడాలి. మరమ్మతు జరిగేచోట వాల్వుకు తాళం వేస్తారట. ఎవడు వేశాడో వాడే తియ్యాలట. ఇంకొకడు చెయ్యి పెడితే లోపలున్నవాళ్ళు చస్తారట. ఈ సంగతి ఆయన ప్రతి ప్రసంగంలోనూ ఎక్కడో ఒకచోట వచ్చి తీరేది. ఎర్ర సముద్రంలో మొదలుపెట్టినా సరే, మనలి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఒడ్డెక్కేవారు.

"లోబడాలమ్మా" అనేది ఆయన ఊతపదం. ఎవరైనా ఎందుకని అడిగితే "నాదేముందమ్మా? పైనుంచి వచ్చిన ఆర్డరు" అని చూపుడు వేలు ఎత్తేవారు. ఫ్యాక్టరీలో మేనేజరు గది కూడా పై అంతస్తులోనే ఉండేదట. మందిరానికి వచ్చినా పాపం ఆ వేలికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

స్త్రీలు తలమీద ముసుగు లేకుండా ప్రార్థించకూడదని ఆయన మందిరం వాకిట్లో ఒక ప్లాస్టిక్ బుట్ట పెట్టారు. అందులో మడతపెట్టిన తెల్ల గుడ్డలు. చుడీదారు చున్నీ మెడకు చుట్టుకుని వచ్చిన ఆడపిల్ల ఎవరైనా సరే, ఒక గుడ్డ తీసి నెత్తిన వేసుకుంటేగాని గడప దాటడానికి లేదు. ఆ గుడ్డలు నా మ్యాచింగ్ సెంటర్‌లో కొన్నవే. పాప్లిన్ చూపిస్తే వద్దన్నారు. "అది జారిపోతా ఉంటదమ్మా. కాటన్ ఇయ్యి. చెప్పినట్టు వింటది" అన్నారు. గుడ్డలో కూడా విధేయత వెతికిన మనిషిని నేను ఈయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

చప్పట్లు కొట్టకూడదు. కీబోర్డు వాయించవచ్చుగానీ దాంట్లో డ్రమ్ము శబ్దం వచ్చే మీట నొక్కకూడదు. మా పిల్లకాయలు తమిళ పాట ఎత్తుకుంటే "ఏం, తెలుగులో పాడితే దేవుడికి వినపడదా?" అనేవారు. ఆ మాట అనేసి, పక్కనున్నవాళ్ళతో పూర్తిగా తమిళంలో మాట్లాడుకుంటూ మెట్లు దిగేవారు.

ప్రభుత్వం కూడా దేవుడు పెట్టిన అధికారమే అనేది ఆయన నమ్మకం. ఒకసారి మా పేట సిగ్నలు చెడిపోయి ఎర్ర దీపం మీదే ఆగిపోయింది. పెద్దయ్యగారు మోపెడ్ ఆపి నిలబడ్డారు. వెనక లారీలు, బస్సులు, హారన్లు. ఒక ఆటోవాడు తల బయటపెట్టి "యోవ్ పెరుసూ, సిగ్నలు సెత్తు పోచ్చుయ్యా!" అని అరిచాడు, అది చచ్చిపోయింది ముసలాయనా కదులు అని. ఈయన వెనక్కి తిరిగి, "చచ్చినా ఎరుపు ఎరుపే గదప్పా" అన్నారట. చివరికి ట్రాఫిక్ పోలీసు వచ్చి మోపెడ్ పట్టుకుని నెడితే కదిలారు. పోలీసు కూడా అధికారమే కాబట్టి సరిపోయింది.

మరి తుపాను వచ్చిన ఆదివారం? ఇళ్ళలోంచి బయటకు రావద్దని ప్రభుత్వం చెప్పింది. ఆదివారం ఆరాధన మానకూడదని దేవుడు చెప్పాడు. ఇద్దరు అధికారుల మధ్య మనిషి ఇరుక్కుపోయాడు, ఇప్పుడేం చేస్తాడో చూద్దాం అని మేమంతా సరదా పడ్డాం. ఆయన శనివారమే చాపా దుప్పటీ తీసుకుని వెళ్ళి మందిరంలో పడుకున్నారు. ఆదివారం ఆయన బయటకు రాలేదు, ఆరాధనా మానలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన దారి వెతుక్కోవడం చేతకాని మనిషి కాదు. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక వెనక బెంచీ. మా మందిరంలో అందరం చాపల మీద కూర్చుంటాం. వెనకాల, చెప్పుల స్టాండు పక్కన, ఫ్యాను గాలి తగలని చోట ఒక చెక్క బెంచీ ఉంది. సంఘ క్రమశిక్షణ కింద ఉన్నవాళ్ళు అక్కడ కూర్చోవాలి. నెలకో ఆదివారం ప్రభువు బల్ల పెట్టినప్పుడు, యేసు శరీరం, రక్తం గుర్తుగా అందరికీ పంచే రొట్టె, ద్రాక్షారసం ఆ బెంచీ దాకా రావు. వాటిని తీసుకోవడాన్నే మేం బల్ల తినడం అంటాం. తప్పు చేసినవాళ్ళు అందరి ముందూ లేచి నిలబడి, చేసింది తప్పని ఒప్పుకుంటే, పెద్దయ్యగారు ప్రార్థన చేసి చాప మీదికి పిలుస్తారు. దీనివల్ల ఒక చిక్కొచ్చిపడింది. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలెవరూ ఆ బెంచీ మీద కూర్చునేవాళ్ళు కాదు. కూర్చుంటే ఏం పాపం చేసిందోనని నలుగురూ అనుకుంటారు గదా! మూలుగుతూ చాప మీదే కూలబడేవాళ్ళు. సంఘమంతటికీ కలిపి కూర్చోవడానికి సుఖంగా ఉండే చోటు అదొక్కటే, అది పాపుల పాలైంది.

ఆ బెంచీకి మా అమ్మ వెళ్ళింది.

మా పక్కింట్లో కిరాణా హోల్‌సేల్ చేసే శెట్టిగారి కుటుంబం. ఆయన తల్లి మంచాన ఉండేది. అమ్మకూ ఆవిడకూ గోడ మీద నుంచి చింతపండు, కరివేపాకు ఇచ్చిపుచ్చుకునే స్నేహం. శెట్టిగారూ భార్యా తిరుపతి వెళ్ళిన పూట ఆవిడకు గంజి తాగించడానికి అమ్మ వెళ్ళింది. రెండు గుక్కలు తాగి ఆవిడ అమ్మ చేతిలోనే పోయింది. పోయే ముందు, "తలకాడ దీపం పెట్టే దిక్కు లేకుండా పోతా ఉండానే" అని ఏడ్చిందట. అమ్మ దేవుడి గూట్లోంచి కుంది తీసి, నూనె పోసి, వెలిగించి ఆవిడ తలదగ్గర పెట్టింది. శెట్టిగారు వచ్చేదాకా అది కొండెక్కకుండా చూస్తూ పక్కనే కూర్చుంది.

ఈ సంగతి అక్కడితో ఆగిపోయి ఉండేది. ఆగనివ్వలేదు శెట్టిగారి కృతజ్ఞత. కర్మకాండలన్నీ అయిపోయాక ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఆయన మేడెక్కి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి అందరి ముందూ చెప్పాడు.

"అయ్యా, మా అమ్మ పొయ్యేటప్పుడు మేమెవరం పక్కన లేము. తలకాడ దీపం పెట్టింది ఈ తల్లే. కన్నబిడ్డ చెయ్యాల్సింది చేసింది. మీ దేవుడు ఎంత మంచోడో నాకు ఇప్పుడు తెలిసిందయ్యా."

కళ్ళు తుడుచుకుంటూ దిగి వెళ్ళిపోయాడు. మా మేడెక్కి వచ్చి మా దేవుణ్ణి మెచ్చుకున్న హిందువు నాకు తెలిసి ఆయనొక్కడే. ఆ మెప్పు సంపాదించి పెట్టినందుకు అమ్మకు దక్కిన బహుమతి ఆ బెంచీ.

పెద్దయ్యగారు ఆ రోజే అడిగారు. "నిజమేనామ్మా?"

"నిజమే అయ్యగారూ."

"వేరే దేవుడి గూట్లో దీపం తీసి వెలిగించినావా?"

"వెలిగించినా."

"మొక్కితివా?"

"ఒక చేతిలో అగ్గిపెట్టె, ఒక చేతిలో పుల్ల. మొక్కేదానికి చేతులెక్కడివి అయ్యగారూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వినదాన్ని నేనే. పెద్దయ్యగారు నవ్వలేదు. "తెలియక చేసినా, తప్పే అని ఒక్క మాట చెప్పమ్మా. ఈడనే, ఇప్పుడే అయిపోతుంది" అన్నారు. ఆ గొంతులో బతిమాలడం ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అమ్మ, "తప్పయి ఉంటే మీరు అడగకముందే చెప్తా గదా. లేని తప్పు ఒప్పుకుంటే అది దేవుని ముందర అబద్ధం. అబద్ధమాడి బల్ల తినమంటారా?" అంది. తర్వాత ఆవిడే లేచి, కొంగు సర్దుకుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది.

చూశారా సంబడం? ఈయన దేవుడికి లోబడి తప్పొప్పుకోమన్నాడు, ఆవిడ దేవుడికి లోబడి తప్పొప్పుకోలేదు. మధ్యలో ఆ దేవుడు ఏమనుకున్నాడో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. ప్రతి నెలా బల్ల ముందు రోజు అమ్మ ఉపవాసం ఉండేది. తెల్ల చీర ఉతికి ఇస్త్రీ చేసుకునేది. వెళ్ళి బెంచీ మీద కూర్చునేది. పళ్ళెం చాపల మధ్య తిరుగుతుంటే దాని వెంటే ఆవిడ కళ్ళు తిరిగేవి. వేరే సంఘాలు లేవా ఈ చెన్నైలో? చింతాద్రిపేటలో మా వదినవాళ్ళ సంఘంలో గిటారు వాయించి, చప్పట్లు కొట్టి, వచ్చినవాళ్ళందరికీ ఇస్తారు. పోదాం రమ్మన్నాను. "ఈడ కాదన్నదాన్ని ఆడ దొంగతనంగా తినేదా?" అంది. ఉండబట్టలేక ఒకరోజు నేనే బన్ను, ద్రాక్షారసం తెచ్చి టేబులు మీద పెట్టి, నేనిస్తాను తినమన్నాను. "నీకెవరిచ్చినారు అధికారం?" అని కసిరి, ఆ బన్ను కాఫీలో ముంచుకుని తినేసింది. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ అని ఆ రోజు నాకు అర్థమైంది.

ఒకసారి అమ్మకు గుండె జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టి తెచ్చాం. ఇక ఎన్నాళ్ళుంటుందో తెలియదన్నారు డాక్టర్లు. ఆవిడ మనసులో ఉన్నది ఒకటే కోరిక, పోయేలోగా బల్ల తినాలని. నేను పెద్దయ్యగారి దగ్గరికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన వచ్చారు. భుజాన చిన్న సంచీ ఉంది. అందులో రొట్టె, గిన్నె ఉన్నాయని నాకు తెలుసు, రోగుల ఇళ్ళకు ఆ సంచీతోనే వెళతారు. నా ప్రాణం లేచి వచ్చింది. మంచం పక్కన కుర్చీ వేసుకుని ప్రార్థన చేశారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"ఒక్క మాట చెప్పమ్మా. మెల్లిగా చెప్పినా చాలు. నా చెవిలో చెప్పినా చాలు."

"పోతా పోతా అబద్ధమాడమంటారా అయ్యగారూ?"

ఆయన సంచీ జిప్పు పట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను తట్టుకోలేకపోయాను. "మీరే గదా వేసింది ఈ తాళం! మీరే తీసెయ్యండి!" అని అరిచాను.

"నేను వేసింది అయితే ఎప్పుడో తీసి ఉంటా గదమ్మా" అన్నారు. "ఇది పైనుంచి వేసింది. నేను చెయ్యి పెట్టకూడదు." కాఫీ ఇస్తే తాగకుండా లేచి, సంచీ తెరవకుండానే భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. తుపానులో దారి దొరికిన మనిషికి మా అమ్మ మంచం దగ్గర దొరకలేదు. ఆ రోజు నుంచి ఆయన ముఖం చూసి నేను వందనం చెప్పలేదు.

అమ్మ మొండిది, బతికింది. పోయింది ఆయన.

సమాధి కార్యక్రమం అయ్యాక వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళందరూ ఆయన విధేయత గురించే చెప్పుకుంటున్నారు. చివర్లో ఆసుపత్రిలో రొట్టె ముక్క నోటి దగ్గర పెడితే నోరు తెరవలేకపోయారని, మింగుడు పడలేదు పాపమని బాధపడ్డారు. ఆయన భార్య, మేమందరం అమ్మగారూ అని పిలిచే మనిషి, నన్ను వంటింట్లోకి పిలిచారు. బల్లకు రొట్టె చేసేది ఆవిడే. ఆ రొట్టె పిసికినన్ని ఏళ్ళలో మందిరంలో ఆవిడ గొంతెత్తి మాట్లాడగా మేమెవరం వినలేదు. ఏమడిగినా "ఆయన్ని అడగండి" అనేవారు.

"మింగుడు పడక కాదు" అన్నారు గ్యాసు పొయ్యి వైపు చూస్తూ. "తినకూడదని నోరు మూసుకున్నారు."

"ఏంది అమ్మగారూ?"

"మీయమ్మ బెంచీ మీద కూర్చున్న దినం నుంచి ఆయనా బల్ల తినలేదమ్మా. అందరికీ ఇచ్చి, చివర తన ముక్క తీసుకుని జేబులో పెట్టుకొనేది. చొక్కా ఉతికేటప్పుడు నా చేతికి తగిలేది. పారేసేదానికి లేదు గదా, నేనే తినేసేదాన్ని. ఒకసారి గట్టిగా అడిగినా. 'ఆమెకు ఇచ్చేదానికి నాకు అధికారం లేదు. తినకుండా ఉండేదానికి ఎవురి పెర్మిట్టూ అక్కర్లేదు గదా' అన్నారు."

ఏడవాలనిపించింది, ఆయన్ని లేపి దులిపి వదలాలనీ అనిపించింది. పళ్ళెం పట్టుకున్న చోటు నుంచి బెంచీ ఎంత దూరం? నాలుగు చాపలు దాటాలి. అంత దూరం నడవలేక, నడిపించే ఆర్డరు రాలేదని, ఏళ్ళ తరబడి కడుపు మాడ్చుకుని కూర్చున్నాడా ఈ మనిషి! పోనీ, ఆ సంగతి ఒక్క మాట మా అమ్మకు చెప్పొచ్చు గదా. చెప్పరు. చెబితే అది బతిమాలినట్టవుతుంది, లేదా గొప్పకు పోయినట్టవుతుంది. దానికీ ఏదో రూలు ఉండే ఉంటుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆపలేదు. "పిచ్చి మనిషి. నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా. ఇద్దరం కలిసన్నా ఏడ్చుకుని ఉంటాం" అంది. చిక్కుడుకాయల్లో సగం నేలమీద పడ్డాయి.

కొత్త సంఘ పెద్దగా ఒక కుర్రాయన వచ్చాడు. గుంటూరు వైపు నుంచి ఐటీ ఉద్యోగానికి వచ్చినవాడు, మంచివాడే, వాక్యం ట్యాబులో చదువుతాడు. వచ్చిన మొదటి బల్ల ఆదివారం నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళి, "ఆంటీ, అవన్నీ పాత పద్ధతులండీ. మీరు ముందుకొచ్చి కూర్చోండి. నేను చెబుతున్నాగా" అన్నాడు.

అమ్మ కదల్లేదు. "కూర్చోబెట్టినాయన పొయినాడు. లేపేదానికి నువ్వెవరు నాయనా?" అంది.

నేను నెత్తి కొట్టుకున్నాను. మనిషి సమాధిలో ఉన్నాడు, తాళంచెవి మాత్రం ఇక్కడ ఈవిడ చేతిలో భద్రంగా ఉంది. ఆ కుర్రాయన దీనికి సమాధానం ట్యాబులో వెతికాడు. దొరికినట్టు లేదు, ముందుకు వెళ్ళి ప్రార్థన మొదలుపెట్టాడు. పళ్ళెం చాపల మీద తిరిగింది, నా దాకా వచ్చింది, వెళ్ళింది. ఎప్పటిలాగే వెనక్కి రాకుండా ముందు బల్ల మీదికి చేరింది.

అప్పుడు ముందు వరసలోంచి అమ్మగారు లేచారు. మా సంఘంలో ఆడవాళ్ళు రొట్టె పిసకవచ్చుగానీ పంచకూడదు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు. కుర్రాయన "అమ్మగారూ, అది... ఒక్క నిమిషం..." అన్నాడు. ఆవిడ వినలేదు. చాపల మధ్య నుంచి, ముడుచుకున్న కాళ్ళు దాటుకుంటూ, మెల్లిగా నడుచుకుంటూ వెనక్కి వచ్చి బెంచీ మీద అమ్మ పక్కన కూర్చున్నారు. కింద కొట్లో ఎవరో గిన్నె మోగించి బేరమాడుతున్నారు.

అమ్మ ఆవిడ వైపు చూసింది. "అయ్యగారు చెప్పిపొయినారా?"

"లేదు."

"ఈ అబ్బయ్య ఇమ్మన్నాడా?"

"ఎవురూ చెప్పలే" అన్నారు అమ్మగారు. "నేనే తెచ్చినా. ఇన్నాళ్ళూ నీ ముక్క కూడా కలుపుకునే పిండి పిసికినాను. తిను."

అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, చెయ్యి చాపింది.